ఊరికే కూర్చునే అత్తయ్య

1981లో జనాభా లెక్కలు రాసుకునే ఆయన మా ఇంటికి వచ్చేసరికి నాకు పదేళ్ళు. ఆయన ఎవరో కాదు, మా బడి మేష్టారే. అరుగు మీద మడత కుర్చీ వేసి మజ్జిగిచ్చాం. నాన్న పేరు, పని, అమ్మ పేరు, మా చదువులు అన్నీ వరసగా రాసుకుని, "మరి చెల్లెలుగారండీ?" అన్నారు. నాన్న క్షణం ఆలోచించలేదు. "దానిదేముందండీ మేష్టారూ, ఇంట్లో ఊరికే కూర్చుంటుంది" అన్నారు. మేష్టారు తలూపి ఏదో గీశారు.

అత్తయ్య అదే అరుగుకి ఆ చివర కూర్చుని ఉంది. కాళ్ళు బారజాపి, ఒళ్ళో ఉతికిన తువ్వాలు పరుచుకుని లేసు అల్లుతోంది. దారపు ఉండ దొర్లి మట్టి కాకుండా ఇత్తడి చెంబులో వేసుకునేది. దారం లాగినప్పుడల్లా ఆ ఉండ చెంబులో తిరిగే చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉంది. తెల్లారి నాలుగింటికి లేచి కళ్ళాపి చల్లి, గేదె పని చూసి, అమ్మకి వంటలో సాయం చేసి, పదింటికల్లా ఆ అరుగెక్కేది. మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ కూర్చుంటే దీపాలు పెట్టేవరకూ లేచేది కాదు. మా నాన్న అబద్ధమేమీ చెప్పలేదు. కూర్చునే ఉండేది మరి.

మా ఊరు నరసాపురానికి నాలుగు మైళ్ళు. ఆ చుట్టుపక్కల, సీతారాంపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపు ఏ వీధిలోకి వెళ్ళినా అరుగుల మీద ఇలాంటి ఆడవాళ్ళే కనిపించేవారు. నిజానికి లేసు మా తాతముత్తాతల విద్యేమీ కాదు. 19వ శతాబ్దంలో వచ్చిన క్రైస్తవ మిషనరీలు పేదింటి ఆడపిల్లలకి నేర్పించారు. అక్కడి నుంచి ఒక్కొక్క కులానికీ, ఒక్కొక్క వీధికీ పాకింది. ఆడవాళ్ళని గడప దాటనివ్వని ఇళ్ళకి ఇది బాగా నచ్చింది. పొలానికి కూలికి పంపడం నామోషీ, లేసు అల్లడం మర్యాద. ఆ మర్యాదే దాని కొంప ముంచిందని నాకు పెద్దయ్యాక అర్థమైంది. మర్యాదగా ఇంట్లో కూర్చుని చేసేది పనెలా అవుతుంది?

అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది 1978లో. మావయ్య ఓ రోజు రాజమండ్రి వెళ్ళొస్తానని వెళ్ళి మరి రాలేదు. అక్కడ ఇంకో సంసారం ఉందని మూణ్ణెల్లకి తెలిసింది. ఇరవై నాలుగేళ్ళ మనిషి మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని, ఒక ట్రంకు పెట్టెతో మా గుమ్మంలో దిగింది. మా అమ్మ మంచిదే, పల్లెత్తు మాట అనలేదు. అయినా పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపిల్ల తిండి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. అందరి తరవాత తినేది. రెండోసారి కూర వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పిల్ల గౌను భుజం దగ్గర చిరిగితే అడగలేక లోపలివైపు అతుకు వేసి కుట్టేది.

ఏజెంటు మంగళవారం వచ్చేవాడు, సైకిలు మీద, వెనక పెద్ద గుడ్డ మూట కట్టుకుని. దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి తీసుకునేవాడు. తక్కువైతే మజూరీలో కోత. ఒక్కో మనిషికి ఒక్కో పని. కొందరు చేతిపని చేస్తారు, అంటే అంచులూ పువ్వులూ అల్లుతారు. ఆ పువ్వులన్నిటినీ కలిపేది అతుకుపని, అది వేరే వాళ్ళది. అత్తయ్యది పువ్వు. ఎనిమిది రేకుల పువ్వు, అరచేతిలో పట్టేంత. మధ్యలో చిన్న చుట్టు, దాని చుట్టూ గొలుసు కుట్లు, ఆ గొలుసుల్లోంచి రేకులు. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేత్తో కొక్కెం సూది పట్టుకుని, కొక్కెంతో దారాన్ని అందుకుని లాగడం, మళ్ళీ అందుకోవడం. చూపు వీధిలో ఉన్నా వేళ్ళు లెక్క తప్పేవి కావు. ఎండాకాలం చెమటకి దారం మాస్తుందని పక్కన పౌడరు డబ్బా ఉండేది. ఆ పౌడరు మొహానికి రాసుకోగా నేను చూడలేదు.

ఆ పువ్వు ఎక్కడికి వెళ్తుందో, దేనికి అతుకుతారో అత్తయ్యకి తెలియదు. "ఫారిన్ వెళ్తుందంటమ్మా" అనేది. టేబులు మీద వేస్తారో, మంచం మీద పరుస్తారో, దొరసానులు తల మీద కప్పుకుంటారో మాకు తెలిసేది కాదు. ఎంతకి అమ్ముతారని ఒకసారి నేనే ఏజెంటుని అడిగాను. "ఈ పిల్ల బాగా చదువుకుంటుందండోయ్" అని నవ్వి సైకిలెక్కాడు.

ఏజెంట్లందరినీ దుర్మార్గులంటే పాపం తగుల్తుంది. చేతిలో పైసా లేని మనిషికి నమ్మకం మీద దారమిచ్చి పని చెప్పింది వాళ్ళే. ఆ కాస్తా లేకపోతే అత్తయ్యకి అదీ లేదు. కాకపోతే ధర వాళ్ళది, తూకం వాళ్ళది, తప్పు మాత్రం ఎప్పుడూ అల్లినవాళ్ళది. మాసిందని కోత, బిగువు లేదని కోత.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1982 వేసవి. అత్తయ్య నలభై పువ్వులు అల్లి, కొత్త గోనె సంచి మీద తువ్వాలు పరిచి ఆరబెట్టుకుంది. నేను చెరుకు రసం మామిడిపండు నోటితో కొరికి జుర్రుకుంటూ వచ్చి గుమ్మం మీద తట్టుకున్నాను. పండు పిసికినట్టయి రసం మొత్తం ఆ పువ్వుల మీద పడింది. సగానికి సగం పసుపు పచ్చగా అయిపోయాయి.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఒక్కొక్క పువ్వూ ఏరి పళ్ళెంలో వేసుకుని, కుంకుడు రసంలో నానబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, ఎండలో వేసింది. మళ్ళీ రుద్ది మళ్ళీ ఎండలో. మరక పల్చనైంది గానీ పోలేదు. మంగళవారం ఏజెంటు వాటిని వేళ్ళతో పక్కకి తోసి, వాటి మజూరీ కాకుండా దారం ఖరీదు కూడా పట్టుకున్నాడు. ఆ వారం అత్తయ్యకి రావాల్సింది నాలుగు రూపాయలో అయిదో. చేతికి ముప్పావలా వచ్చింది. నాన్న, "పోనీలెద్దూ, ఆ ముష్టి డబ్బుల కోసం ఏడుస్తావా" అన్నారు, ఓదార్పుగానే.

అత్తయ్య ఏడవలేదు. ఆ సాయంత్రం నా పాత లెక్కల నోటుబుక్కు అడిగింది. వెనకవైపు నుంచి రూళ్ళు గీసుకుంది. తేదీ, తీసుకున్న దారం, ఇచ్చిన పువ్వులు, రావాల్సింది, ఇచ్చింది, కోత. ఆవిడ ఏడో తరగతి వరకూ చదువుకుంది, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆ రోజు నుంచి ఒక్క మంగళవారం కూడా రాయకుండా వదల్లేదు. ఏజెంటు నవ్వేవాడు. మా అమ్మ కూడా నవ్వేది, "ఏంటమ్మా, కలెక్టరు కచ్చేరీయా?" అని. మరక పడ్డ పువ్వుల్ని మాత్రం పారెయ్యకుండా ట్రంకు పెట్టెలో దాచింది.

ఆ రోజుల గురించి ఇంకో మాట. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం వచ్చి లేసు అల్లేవాళ్ళ మీద పరిశోధన చేశారు. అది 1982లో పుస్తకంగా వచ్చింది. సరిగ్గా నేను మామిడి రసం ఒలకబోసిన ఏడే! హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఓ లైబ్రరీలో దాన్ని చూసేదాకా నాకీ సంగతి తెలియదు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ, పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లి విదేశాలకి సరుకు పంపుతున్న ఆడవాళ్ళని అందరూ గృహిణులని, అది తీరిక వేళ కాలక్షేపమని అనుకుంటున్నారని ఆవిడ రాశారు. అల్లికలో మాట్లాడుకునే చేతిపని, అతుకుపని లాంటి మా మాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి అందులో. లైబ్రరీలో కూర్చుని ఆ మాటలు చదువుతుంటే నాకు చెంబులో ఉండ తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆ తరవాత పదేళ్ళు చెప్పుకోడానికి ఏమీ లేదు. అల్లింది, రాసుకుంది, పిల్లని బడికి పంపింది.

1995 ప్రాంతంలో మా ఊళ్ళో డ్వాక్రా గ్రూపులు మొదలయ్యాయి. రోజుకి రూపాయి పొదుపు. మొదట్లో మగవాళ్ళు ఎగతాళి చేశారు, చిట్టీల పాటల్లాగా ఇదీ మునుగుతుందని. మా వీధిలో పదిహేను మంది చేరారు, అందరూ లేసు వాళ్ళే. లీడరు ఎవరంటే అందరూ అత్తయ్య వైపు చూశారట. ఆవిడేమీ నోరున్న మనిషి కాదు. కానీ అప్పటికి ఆవిడ దగ్గర పదమూడేళ్ళ లెక్క ఉంది, తొమ్మిది నోటుబుక్కుల్లో. ఎవరికి ఏ ఏడు ఎంత మజూరీ ఇచ్చారో, దారం ధర పెరిగినప్పుడు కూలి ఎంత పెరిగిందో, అసలు పెరిగిందో లేదో, అన్నీ. గ్రూపుల పనికి వచ్చిన మేడం ఆ పుస్తకాలు చూసి, "ఇవి ఎవరు రాయమన్నారండీ?" అని అడిగితే, "మా మేనకోడలు మామిడిపండు తింటా వచ్చి గుమ్మం తట్టుకుందండి, ఆయ్" అందట. మేడానికి అర్థం కాలేదు పాపం.

లోను మొదటిసారి వచ్చినప్పుడు గేదెలు కొందామన్నవాళ్ళే ఎక్కువ. అత్తయ్య దారం కొందామంది. దారం మనదైతే లేసు మనదవుతుంది, అప్పుడు తూచేవాడుండడు. అంతే ఆవిడ చెప్పింది. నరసాపురం వెళ్ళి షాపులో డబ్బిచ్చి దారం కట్టలు కొనుక్కుని బస్సెక్కిన రోజు, ఆ మూట పైన వేయనివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట.

అన్నీ సవ్యంగా జరిగాయని అనుకోకండి. మొదటి ఏడు అల్లిన కాలర్లు సగం అమ్ముడుపోలేదు. సైజు కుదరలేదు, ఒకరి బిగువు ఒకరిది కాదు. ఒకావిడ గ్రూపు డబ్బు వాడుకుని పేచీ పెట్టింది. అత్తయ్య రాత్రుళ్ళు నిద్రపోయేది కాదని అమ్మ చెప్పేది. పుట్టింట్లో ఊరికే కూర్చున్నంతకాలం లేని టెన్షన్ అంతా అప్పుడొచ్చింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. గోదారి అవతల, సఖినేటిపల్లి వైపు మాకు ముప్పావెకరం కొబ్బరి తోట ఉండేది. నాన్న రెండు రోజుల తరవాత పంటు పడవ మీద దాటి వెళ్ళి చూసొచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూలబడ్డారు. చెట్లన్నీ పడుకున్నాయి. అప్పటికే వ్యవసాయానికి చేసిన అప్పు నెత్తి మీద ఉంది. నేను సెలవు పెట్టి ఊరెళ్ళాను. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని, తల వంచుకుని, "అమ్మాయ్, ఓ అయిదువేలు ఏమైనా సర్దగలవా?" అన్నారు.

నన్ననుకున్నాను. కాదు, అత్తయ్యని.

అత్తయ్య వడ్డించడం ఆపలేదు. "గ్రూపులో పెడతాను అన్నయ్యా. సోమవారం మీటింగు. నువ్వు తిను ముందు" అంది. మంగళవారం డబ్బు తెచ్చింది. కంచం తీశాక నాన్న ముందు పుస్తకం తెరిచి పెట్టింది. "ఇక్కడ సంతకం పెట్టు. నెలకి ఇంతని కట్టాలి. రూలు అందరికీ ఒకటే, నా తమ్ముడూ అన్నా అంటే వాళ్ళు ఒప్పుకోరు" అంది. నాన్న కళ్ళజోడు వెతుక్కుని సంతకం పెట్టారు. ప్రతి నెలా కట్టారు కూడా, ఒక్క నెల తప్ప. ఆ నెల అత్తయ్య ఫైన్ వేసింది. ఆ విషయం నాన్న చచ్చేదాకా చెప్పుకుని నవ్వుతూ ఉండేవారు. కొంచెం గర్వంగా కూడానేమో.

అమ్మ మాత్రం అంతకు ముందే మారింది. ఎప్పటి నుంచో నాకు తెలియదు గానీ, ఆ సెలవులో గమనించాను. అత్తయ్య కంచంలో కూర అడక్కుండానే రెండోసారి పడుతోంది.

హైదరాబాదు ప్రయాణం 1999లో. డ్వాక్రా బజారులో స్టాలు ఇచ్చారు. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో అత్తయ్య, ఇంకో ఇద్దరు, నాలుగు అట్టపెట్టెలతో దిగారు. అప్పటిదాకా ఆవిడ రాజమండ్రి కూడా చూడలేదు, కారణం మీకు తెలుసు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి స్టాలు దగ్గర కూర్చున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి గుండ్రటి టేబుల్ క్లాతు తీసి చూసింది. అత్తయ్య పువ్వే, నూట ఇరవై పువ్వులు అతికింది. "ఎంత?" అంది. అత్తయ్య నోరు పెగల్లేదు. నేను చెప్పబోయాను, పక్కనున్నావిడ నన్ను గిల్లింది, ఆగమని. అత్తయ్య గొంతు సవరించుకుని, "పన్నెండొందలండి" అంది. ఆవిడ నవ్వి, కోఠీలో ఇలాంటివే మూడొందలకి దొరుకుతాయంది. అవి మెషిన్ లేసు. అత్తయ్య క్లాతు చేతిలోకి తీసుకుని తిరగేసి వెనకవైపు చూపించింది. "మెషిన్‌ది ఒక పోగు తెగితే మొత్తం ఊడొస్తుందండి. ఇది ఏ పువ్వుకి ఆ పువ్వే ముడి. దీనికి ఇరవై మూడు రోజులు పట్టింది. దారం డబ్బులు తీసెయ్యండి, రోజుకి ఎంత ఇస్తారో మీరే చెప్పండి" అంది, అదే మెత్తటి గొంతుతో.

ఆవిడ కాసేపు నిలబడి, క్లాతు మడతపెట్టి అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

నాకు ఉసూరుమంది. "తొమ్మిదొందలంటే తీసుకునేదేమో అత్తయ్యా" అన్నాను. అత్తయ్య వినలేదు. మొహం మీద చెమట తుడుచుకుంటూ, పక్కనున్న ఆవిడతో, "చెప్పేశాను కదే" అంటోంది. "ధర అడిగితే చెప్పేశాను." ఇరవై ఏళ్ళకి పైగా అల్లిన మనిషి తన వస్తువుకి తనే ధర చెప్పడం అదే మొదలు. ఆ క్లాతు మూడో రోజు పన్నెండొందలకే పోయింది. దాని సంగతి నాకంత గుర్తులేదు, మొదటిరోజే గుర్తుంది.

అత్తయ్య కూతురు నర్సింగ్ చదివింది. ఫీజులన్నీ లేసే కట్టింది. కానీ తమాషా చూడండి, పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్లని సూది ముట్టుకోనివ్వలేదు. చేతికి ఒకసారి అలవాటు పడితే అరుగు మీద నుంచి లేవనివ్వదని భయం. స్టేజీ మీద మైకు పట్టుకుని "మన కళని కాపాడుకోవాలి" అనేవాళ్ళకి ఈ భయం అర్థం కాదు. తన చేతి పనంటే గౌరవం లేక కాదు. ఆ పని ఎన్నేళ్ళు గౌరవం లేకుండా చేసిందో ఆవిడకే తెలుసు కనుక. పదో తరగతి పాసయ్యాక మాత్రం తనే కూర్చోబెట్టి నేర్పింది. "ఇప్పుడు నేర్చుకో. ఇప్పుడైతే నీ ఇష్టం" అందట.

2001లో మళ్ళీ జనాభా లెక్కలు వచ్చాయి. అప్పుడు ఏం రాశారో తెలుసుకోవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. అడిగితే, "ఆ రోజు నేను దారానికి నరసాపురం వెళ్ళానే. మీ నాన్నే ఉన్నాడు ఇంట్లో. ఏం చెప్పాడో మరి" అంది. నాన్న ఇప్పుడు లేరు అడగడానికి.

తరవాతి కాలం గడ్డుదే. చైనా మెషిన్ లేసు మార్కెట్టు నిండా దిగింది. గ్రూపులో ఇద్దరు ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోయారు, కొందరు రొయ్యల ఫ్యాక్టరీలో చేరారు. అత్తయ్య వాళ్ళనేమీ అనలేదు. "పిల్లలున్నవాళ్ళు, ఏం చేస్తారు" అంది. రుస్తుంబాదలో లేసు పార్కు పెట్టాక అక్కడ కొత్త డిజైన్లు నేర్చుకుని వచ్చి, ఊళ్ళో పిల్లలకి నేర్పేది. కొన్నాళ్ళు ఆర్డర్లుండేవి, కొన్నాళ్ళు ఉండేవి కావు. ఉన్న దాంట్లోనే మా ఇంటి వెనక రెండు గదులు వేసుకుంది. ఆ ఇంటికి అరుగు కట్టించలేదు. లోపల కిటికీ పక్కన కుర్చీ, బల్ల, ట్యూబులైటు. "ఇది నా ఆఫీసు" అంటుంది.

ఆ గదిలో ఫ్రిజ్ మీద ఒక లేసు గుడ్డ ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే కొన్ని పువ్వులు తెల్లగా ఉండవు, పాత కాగితం రంగులో ఉంటాయి. నేను వెళ్ళినప్పుడల్లా మా పిల్లలకి దాన్ని చూపించి, "మీ అమ్మ తిన్న మామిడిపండు" అంటుంది.

ఇప్పుడు డెబ్భై దాటింది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కుడిచేతి చూపుడువేలు కాస్త వంకర తిరిగింది, పెన్ను పట్టుకోవడం కష్టమంటుంది గానీ సూది పట్టుకుంటే ఆ వంకర సరిగ్గా సరిపోతుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పేపర్లో చూసి, ఉండబట్టలేక ఆఫీసు నుంచే ఫోన్ చేశాను. జీఐ అంటే ఏంటో చెప్పాను. ఇకనుంచి వేరే చోట చేసినదాన్ని నరసాపురం లేసని అమ్మకూడదు అత్తయ్యా, పేరు మనదే అన్నాను. శ్రద్ధగా విన్నది. చెంబు చప్పుడు ఆగింది కూడా.

"మంచిదే. మరి మజూరీ ఏమైనా పెరుగుతుందంటనా?"

"అది రాయలేదు అత్తయ్యా."

"కనుక్కుని చెప్పు. తేదీ వేసి రాసుకుంటాను" అంది.